ముప్పై ఆరు క్లిక్కులు: పిల్లలతో కలిసి రీలు కెమెరా మొదలుపెడదాం



ఆగస్టు 19 ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం. 1839లో అదే రోజున ఫ్రాన్స్ ప్రభుత్వం, డాగెర్ అనే ఆయన కనిపెట్టిన ఫోటో తీసే పద్ధతిని అందరి ముందు వెల్లడించింది. ఆ సందర్భంగా ఈ నెల మీ పిల్లలతో కలిసి ఇంట్లోనే మొదలుపెట్టగలిగే ఒక మంచి అలవాటు గురించి రాస్తున్నాను. అది పాతకాలపు రీలు కెమెరాతో ఫోటోలు తీయడం.

ముందుగా మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

మూడేళ్ళ కిందట మా అవ్వ చనిపోయింది. పెద్దకర్మ రోజుకు దండ వేసి పెట్టడానికి ఒక ఫోటో కావాల్సి వచ్చింది. నాయన ఫోన్‌లో అవ్వ ఫోటోలు వందల్లో ఉండేవి. కానీ అంతకుముందు వానాకాలంలో ఆ ఫోన్ తడిసి ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు. ఆ ఫోటోలను ఇంకోచోట దాచుకోవాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. వాట్సాప్ గ్రూపుల్లో వెతికితే పెళ్ళిళ్ళలో గుంపులో నిలబడినవి నాలుగైదు దొరికాయి. వాటిలో అవ్వ ముఖాన్ని పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా అయిపోయింది.

చివరికి అమ్మ బీరువా అడుగు నుంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసింది. అందులో నెగిటివ్‌లు ఉన్నాయి. 1998లో మా తాత తన కెమెరాతో తీసిన రీలు అది. స్టూడియో ఆయన ఒక్కో ముక్కను లైటుకు అడ్డంగా పట్టి చూసి, ఒకటి ఎంచి, స్కాన్ చేసి పెద్ద ప్రింటు వేసిచ్చాడు. ఇంటి ముందర వేపచెట్టు కింద అవ్వ కూర్చుని ఉంది. ఒళ్ళో ఏడాది పిల్లగా నేను. ఫోటో కొంచెం పక్కకు ఒరిగింది. ఒక మూలన మసకగా ఏదో మచ్చ ఉంది. "ఈ మూల కత్తిరించమంటారా సార్?" అని స్టూడియో ఆయన అడిగాడు. నాయన కాసేపు దాన్నే చూసి, "వద్దులే, అది మా నాయన బొటనవేలు" అన్నాడు.

తాత నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఇంట్లో ఫోటోలన్నీ ఆయనే తీసేవాడు కాబట్టి ఆయన ఉన్న ఫోటోలు రెండో మూడో ఉంటాయి. ఇప్పుడు అవ్వ ఫోటోతో పాటు ఆయన బొటనవేలు కూడా మా గోడ మీద ఉంది.

ఆ తర్వాతే నేను ఒక పాత కెమెరా సంపాదించి నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేను చేసిన తప్పులు మీరు చేయకుండా, అడుగడుగునా ఏం చేయాలో ఇక్కడ చెబుతాను.

లో-ఫై అంటే ఏమిటి?

ఇది పాటల రికార్డింగు నుంచి వచ్చిన మాట. ఉన్నది ఉన్నట్టుగా స్పష్టంగా పట్టివ్వలేని సాధారణ పరికరంతో చేసిన పనిని లో-ఫై అంటారు. ఫోటోల్లో అయితే ప్లాస్టిక్ లెన్సు, కొంచెం మసక, గరుకుగా కనిపించే గ్రెయిన్, చీకటిగా ఉండే మూలలు, ఎక్కడో సందులోంచి వెలుతురు దూరి పడిన ఎర్రటి చార దీని లక్షణాలు. హాంగ్‌కాంగ్‌లో 1960లలో వచ్చిన డయానా, 1980ల మొదట్లో వచ్చిన హోల్గా ఇలాంటి చవక కెమెరాలే. 1991లో వియన్నా విద్యార్థులు కొందరు ప్రాగ్ నగరంలో రష్యాలో తయారైన లోమో అనే చిన్న కెమెరా చూసి ముచ్చటపడ్డారు. ఆ మరుసటి ఏడాది వాళ్ళు పెట్టిన సంఘం పేరు మీదే ఈ తరహా ఫోటోలకు లోమోగ్రఫీ అనే పేరు వ్యాపించింది. ఈ రోజు మన పిల్లలు ఫోన్‌లో "రెట్రో" ఫిల్టర్ పెడితే వచ్చేది ఆ కెమెరాల రంగును అనుకరించడమే.

మన ఇళ్ళల్లో దీనికి పేరు పెట్టలేదు గానీ, వాడింది ఇలాంటి కెమెరాలే. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ మీలో కొందరి నాన్నగారి దగ్గర ఉండి ఉంటుంది. వెడల్పాటి 120 రీలు వేస్తే పన్నెండు చతురస్రపు ఫోటోలు వచ్చేవి. నలుపు తెలుపు ఫిల్మ్ మన దేశంలోనే తయారయ్యేది. 1960లో ఊటీలో మొదలైన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ "ఇందు" పేరుతో దాన్ని అమ్మేది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మూతపడింది. అయితే బయటి దేశాల ఫిల్మ్ మాత్రం మన దగ్గర ఇంకా దొరుకుతోంది.

"పరీక్షలున్నాయి కదా మేడమ్, ఇదంతా ఎందుకు?"

ఈ మాట పేరెంట్స్ మీటింగ్‌లో ఒకరు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. ఆదివారం అరగంట చాలు. ఆ అరగంటలో పిల్లలు నేర్చుకునేది ఫోటోల కంటే ఎక్కువ.

లెక్క వేద్దాం. ఒక రీలు, దాన్ని కడిగించడం, స్కానింగ్, కొరియర్ అన్నీ కలిపి 1,800 రూపాయలు అయిందనుకుందాం. రీలుకు 36 ఫోటోలు. అంటే ఒక్కో క్లిక్కు 50 రూపాయలు. తప్పు తీస్తే డిలీట్ చేయలేం. ఎలా వచ్చిందో వెంటనే చూడలేం. అప్పుడు పిల్లలు ఏం చేస్తారో గమనించండి. కెమెరా కంటి దగ్గర పెట్టి, మళ్ళీ దించి, ఒక అడుగు పక్కకు జరిగి, "అవ్వా, కొంచెం ఇట్ల తిరుగు" అని చెప్పి, అప్పుడు నొక్కుతారు. నొక్కే ముందు ఆలోచించడం అనే ఈ ఒక్క అలవాటు పరీక్ష హాల్లో కూడా పనికొస్తుంది. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసే పిల్లల పేపర్లు దిద్దే టీచరుగా చెబుతున్నాను.

పాఠాలకూ సంబంధం ఉంది. పదో తరగతి రసాయనశాస్త్రంలో సిల్వర్ బ్రోమైడ్‌ను ఎండలో పెడితే బూడిదరంగుకు మారుతుందని చదువుతారు. ఫిల్మ్ మీద జరిగేది దాదాపు అదే. సన్నని ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన జెలటిన్‌లో వెండి లవణాల స్ఫటికాలు ఉంటాయి. వెలుతురు తగిలిన స్ఫటికాల్లో కంటికి కనబడని మార్పు వస్తుంది. డెవలపర్‌లో ముంచితే అవి నల్లని వెండిగా మారతాయి. వెలుతురు తగలని వాటిని ఫిక్సర్ కరిగించేస్తుంది. ఎక్కువ వెలుతురు పడినచోట ఎక్కువ నలుపు. అందుకే నెగిటివ్‌లో తెల్ల చొక్కా నల్లగా, నల్ల జుట్టు తెల్లగా కనిపిస్తాయి. సూత్రం కంఠస్థం చేసిన పిల్లవాడు ఒక్కసారి నెగిటివ్‌ను ట్యూబ్‌లైటుకు పట్టి చూస్తే మళ్ళీ మర్చిపోడు.

మొదటి అడుగు: ఫోన్‌తోనే సాధన

డబ్బు ఖర్చు పెట్టకముందే పిల్లలకు దీని మీద ఇష్టం ఉందో లేదో తెలుసుకోవాలి. దానికి ఈ ఆట బాగా పనిచేస్తుంది.

శనివారం పొద్దున పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి, "ఆదివారం సాయంత్రం దాకా పన్నెండు ఫోటోలే తీయాలి. తీసింది చూడకూడదు" అని చెప్పండి. ఒక్కో ఫోటో తీసినప్పుడు నోట్‌బుక్‌లో నంబరు, ఏం తీశారు, ఎండా నీడా అని ఒక్క లైను రాయించండి. సోమవారం సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని చూడండి. మా క్లాసులో ఇది చేయిస్తే ఒక అమ్మాయి పన్నెండింటిలో తొమ్మిది ఫోటోలు వాళ్ళ నాయన చేతులవే తీసింది. ఆయన టైలరు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు, గుడ్డ కత్తిరించేటప్పుడు, టీ గ్లాసు పట్టుకున్నప్పుడు. "రోజూ చూస్తానే ఉంటా మేడమ్, కానీ ఇట్ల ఎప్పుడూ చూడలేదు" అంది.

ఈ ఆట రెండు మూడు వారాలు విసుగు లేకుండా ఆడారంటే మీ పిల్లలు రీలుకు సిద్ధమైనట్టే.

రెండో అడుగు: కెమెరా

కొనే ముందు ఇంట్లో వెతకండి. తాతయ్య బీరువా, అటక, పాత ట్రంకుపెట్టె చూడండి. 1990లలో కొన్న చిన్న 35 ఎం.ఎం. కెమెరా దొరికే అవకాశం ఉంది. దొరికితే ఈ నాలుగు పరీక్షలు చేయండి.

ఒకటి, ఎవరైనా తీయని రీలు లోపల ఉందేమో చూడండి. రివైండ్ పిడిని బాణం గుర్తున్న వైపు మెల్లగా తిప్పితే బిగువుగా తగిలిందంటే లోపల రీలు ఉన్నట్టే. అప్పుడు వెనక తలుపు తెరవకండి. పూర్తిగా చుట్టి, తీసి, కడిగించండి. అందులో ఎవరున్నారో ఎవరికి తెలుసు!

రెండు, బ్యాటరీ గది తెరిచి చూడండి. పచ్చగానో తెల్లగానో పొడి పట్టి ఉంటే పాత సెల్లు కారినట్టు. ఆ పొడిని పిల్లలతో ముట్టించకుండా పెద్దవాళ్ళే శుభ్రం చేయాలి.

మూడు, ఖాళీ కెమెరా వెనక తలుపు తెరిచి, వెలుతురు వైపు పట్టి బటన్ నొక్కండి. క్షణంపాటు వెలుగు గుండ్రంగా మెరిస్తే షట్టర్ పనిచేస్తున్నట్టు.

నాలుగు, లెన్సులో సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే అది బూజు. కొంచెమైతే వాడొచ్చు. ఫోటో మసకగా వస్తుంది. లో-ఫైలో అదీ ఒక అందమే.

ఇంట్లో దొరకకపోతే కొత్త ప్లాస్టిక్ ఫిల్మ్ కెమెరాలు ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయలకే వస్తున్నాయి. ఫోకస్, వేగం లాంటివి మార్చే పని ఉండదు. మొదటిసారి పిల్లలకు అదే మేలు. హాఫ్ ఫ్రేమ్ రకం తీసుకుంటే ఫోటో సైజు సగమై 36 రీలుకు 72 ఫోటోలు వస్తాయి. ఖర్చు కలిసొస్తుంది. ఖరీదైన పాత కెమెరాల జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

జాగ్రత్త: ఫ్లాష్ ఉన్న కెమెరాను స్క్రూలు ఊడదీసి లోపల చూడాలని పిల్లలకు సరదా పుడుతుంది. ఫ్లాష్ కెపాసిటర్‌లో సెల్లు తీసేసినా గట్టి షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. ఎట్టి పరిస్థితిలోనూ విప్పనీయకండి.

మూడో అడుగు: రీలు

డబ్బా మీద 100, 200, 400 అనే ఐఎస్‌ఓ అంకె ఉంటుంది. అంకె పెరిగే కొద్దీ ఫిల్మ్‌కు తక్కువ వెలుతురు చాలు. మన ఎండాకాలానికి 100 గానీ 200 గానీ సరిపోతుంది. ఈ ఆగస్టులోలాగా మబ్బుగా ఉండే రోజులకు, ఇంటి వరండాకు 400 మంచిది. కలర్‌లో కోడాక్ గోల్డ్ 200, అల్ట్రామ్యాక్స్ 400, నలుపు తెలుపులో ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ 5 ప్లస్ మొదటిసారికి నమ్మదగినవి. తేదీ దాటిన రీలు చవకగా వస్తుంది. రంగులు మారి వింతగా కూడా ఉంటుంది. అయితే మొదటి రీలుకు వద్దు. తప్పు పిల్లలదో ఫిల్మ్‌దో తెలియకుండా పోతుంది.

మన ప్రాంతంలో ఫిల్మ్‌కు పెద్ద శత్రువు వేడి. బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద, ఎండ తగిలే కిటికీలో పెట్టకండి. వాడని రీళ్ళను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. వాడే ముందు బయటికి తీసి రెండు గంటలు ఆగాకే డబ్బా మూత తెరవండి. లేకపోతే చల్లని ఫిల్మ్ మీద చెమ్మ పడుతుంది.

నాలుగో అడుగు: రీలు ఎక్కించడం

నా మొదటి రీలు కథ ఇక్కడే. శ్రీశైలం వెళ్ళి వస్తూ దోర్నాల ఘాట్ నుంచి ఇంటి దాకా 36 ఫోటోలు తీశాను. కడిగించి తెస్తే రీలు మొత్తం ఖాళీ. ఫిల్మ్ కొస పళ్ళ చక్రానికి పట్టుకోలేదు. నేను నొక్కుతూనే ఉన్నాను, లోపల ఫిల్మ్ కదలనే లేదు. మీ ఇంట్లో అలా జరగకుండా ఈ వరస పాటించండి.

నీడలో నిలబడి వెనక తలుపు తెరవండి. రీలు డబ్బీని ఎడమవైపు గదిలో కూర్చోబెట్టండి. ఫిల్మ్ కొసను లాగి కుడివైపు చుట్టే కడ్డీ చీలికలో దూర్చండి. ఫిల్మ్ అంచున ఉన్న రంధ్రాల్లో చక్రం పళ్ళు దిగాయో లేదో చూడండి. తలుపు మూయకముందే ఒకసారి చుట్టి, కొస గట్టిగా పట్టుకుందని చూసుకుని అప్పుడు మూయండి. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చుట్టి, ఉత్తినే నొక్కండి. చుట్టేటప్పుడు ఎడమవైపు రివైండ్ పిడి దానంతటదే తిరుగుతుంటే ఫిల్మ్ కదులుతున్నట్టు. అది తిరగకపోతే తలుపు తెరిచి మళ్ళీ ఎక్కించండి. ఈ ఒక్క పరీక్ష మర్చిపోకండి.

రీలు అయిపోయాక రివైండ్ చేయకుండా తలుపు తెరిస్తే తీసినవన్నీ వెలుతురుకు మాడిపోతాయి. "చుట్టాకే తెరవాలి" అని చీటీ రాసి కెమెరా వెనక అతికించండి.

ఐదో అడుగు: నీడను చదవడం

నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. ఫోటోగ్రాఫర్లు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న ఒక సూత్రం ఉంది. మంచి ఎండలో కెమెరా రంధ్రాన్ని ఎఫ్ 16 దగ్గర పెట్టి, షట్టర్ వేగాన్ని ఫిల్మ్ అంకెకు దగ్గరగా పెట్టాలి. ఐఎస్‌ఓ 200 ఫిల్మ్ అయితే సెకనులో 200వ వంతు. కెమెరాలో ఆ అంకె లేకపోతే 250వ వంతు. మిగతాది నేల మీద పడిన మీ నీడే చెబుతుంది.

నీడ అంచులు కత్తితో కోసినట్టుంటే ఎఫ్ 16. అంచులు మెత్తబడితే ఎఫ్ 11. నీడ ఉందా లేదా అన్నట్టుంటే ఎఫ్ 8. అసలు నీడే లేకపోతే ఎఫ్ 5.6. చెట్టు నీడలోనో వరండాలోనో మనిషి ఉంటే ఎఫ్ 4.

అంకెలు మార్చే వీలులేని ప్లాస్టిక్ కెమెరాకైనా ఈ చదువు పనికొస్తుంది. నీడ మెత్తబడిందంటే 400 రీలు కావాలని, నీడ లేదంటే ఫ్లాష్ వేయాలని పిల్లలే చెబుతారు. ఇంకొక మాట. నెగిటివ్ ఫిల్మ్ ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది, తక్కువ వెలుతురును ఓర్చుకోదు. అనుమానం వస్తే ఇంకాస్త వెలుతురులోకి రమ్మనండి.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కళ్ళ కింద నల్లటి గుంటలు పడతాయి. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత ముఖాలు బాగా వస్తాయి. మిట్టమధ్యాహ్నం తీయాల్సి వస్తే గడప దగ్గర, బయటి వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి. నాపరాళ్ళు పరిచిన అరుగైతే కింది నుంచీ కొంత వెలుతురు తిరిగొస్తుంది. వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి నేరుగా చూడకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి.

దూరం సంగతి. ఫోకస్ మార్చలేని కెమెరాతో నాలుగడుగుల కంటే దగ్గరికి వెళ్తే ముఖం మసకబారుతుంది. ఫ్లాష్ పదడుగులు దాటితే పెద్దగా పనిచేయదు.

ఇక మా తాత బొటనవేలు రహస్యం. ఫోన్‌లో లెన్సుకు వేలు అడ్డమొస్తే తెర మీద కనిపిస్తుంది. ఈ చిన్న కెమెరాల్లో మనం చూసే కిటికీ వేరు, ఫోటో తీసే లెన్సు వేరు. కిటికీలో అంతా బాగుంటుంది. వేలు మాత్రం లెన్సు ముందు ఉంటుంది. ఇదే కారణంగా దగ్గర్నుంచి తీసినప్పుడు తల పైభాగం తెగిపోతుంటుంది కూడా. నొక్కే ముందు "వేలు?" అని ఒకసారి అడగడం పిల్లలకు అలవాటు చేయండి.

ఆరో అడుగు: కడిగించడం

ఒకప్పుడు మన ఊరి స్టూడియోల్లో రీలిస్తే ఫోటోలు వచ్చేవి. ఇప్పుడు చాలాచోట్ల అంతా డిజిటల్. ముందుగా మీకు తెలిసిన స్టూడియోలో అడగండి. కుదరకపోతే హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాల్లో ఫిల్మ్ కడిగే ల్యాబ్‌లు కొరియర్‌లో రీళ్ళు తీసుకుంటాయి. పంపేటప్పుడు చీటీలో మూడు విషయాలు రాయండి: కలరా, నలుపు తెలుపా, స్కాన్ కావాలి, నెగిటివ్‌లు తప్పకుండా వాపసు పంపాలి. మూడోది రాయకపోతే కొన్నిచోట్ల స్కాన్‌లు మాత్రమే పంపి ఊరుకుంటారు.

నలుపు తెలుపు రీలును ఇంట్లోనే కడగొచ్చని ఆన్‌లైన్ వీడియోల్లో చూసి పిల్లలు అడుగుతారు. నిజమే. కానీ దానికి సాధారణంగా 20 డిగ్రీల నీళ్ళు వాడతారు. మన కుళాయిలో మే నెలలో వచ్చే నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు అనిపిస్తుంది! మంచు ముక్కలతో చల్లార్చి, రసాయనాలను జాగ్రత్తగా వాడాలి. పెద్దవాళ్ళు పక్కనుండి, డిసెంబరు చలిలో, రెండో మూడో రీళ్ళ తర్వాత చేసే పని అది.

ఫోటోలు రావడానికి రెండు వారాలు పట్టొచ్చు. ఆ ఎదురుచూపును తగ్గించాలని చూడకండి. ఏం తీశామో గుర్తు చేసుకుంటూ, నోట్‌బుక్ తిరగేస్తూ గడిపే ఆ రెండు వారాలూ ఈ అలవాటులో భాగమే.

నెగిటివ్‌లు పారేయకండి

హైదరాబాద్ ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పేరు మీరు వినే ఉంటారు. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఫోటోలలోకి వచ్చాడు. పరదా పాటించే ఆడవాళ్ళ కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా స్టూడియో పెట్టాడు. 1905లో చనిపోయాడు. ఆయన గాజు పలకల నెగిటివ్‌లు రెండు వేల ఎనిమిది వందలకు పైగా మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాటిని తీసుకుని భద్రపరిచింది. నూరేళ్ళ నాటి నెగిటివ్ నుంచి ఈ రోజు కూడా కొత్త ప్రింటు తీయొచ్చు. మా అవ్వ ఫోటో వచ్చింది కూడా ఆ దారిలోనే.

మన ప్రాంతానికి ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. శ్రీశైలం రిజర్వాయర్ నిండినప్పుడు, 1981 ప్రాంతంలో కృష్ణ ఒడ్డున ఎన్నో ఊర్లు నీళ్ళ కింద పోయాయి. ఆ ముంపు ఊర్ల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు మన స్కూల్లో కూడా చదువుతున్నారు. పాత ఇంటి ముందు నిలబడి తీయించుకున్న ఫోటో ఒక్కటున్నా ఆ ఇంట్లో దాన్ని ఎంత పదిలంగా చూసుకుంటారో వాళ్ళను అడగండి. అసలు ఫోటోనే లేని కుటుంబాలు చాలా ఉంటాయి.

అందుకే నెగిటివ్‌లను వేళ్ళతో మధ్యలో పట్టుకోకుండా, అంచులు పట్టుకుని, కాగితపు కవర్లలో వేసి, కవరు మీద తేదీ, మనుషుల పేర్లు రాసి, చెమ్మ తగలని చోట పెట్టండి. ఫోన్ ఫోటోలకూ ఇదే మాట. నెలకోసారి ఇంకోచోట కాపీ పెట్టండి. ఏడాదికి ఇరవై ఫోటోలైనా ప్రింట్లు వేయించి వెనక పేర్లు రాయండి.

ఈ నెల ఇంటి పని: 36 గడులు

పిల్లల నోట్‌బుక్‌లో 36 గడులు గీయించండి. ఇలా పంచుకుంటే రీలు వృథా కాదు.

1 నుంచి 6: ఇంట్లోని పెద్దవాళ్ళు, ఒక్కొక్కరు ఒక్కొక్కటి. కెమెరా వైపు చూస్తూ కాదు, రోజూ చేసే పనిలో.

7 నుంచి 12: ఇల్లు. వాకిలి, వంటగది, మీ పిల్లలు చదువుకునే మూల. మనం రోజూ చూసేవే, అందుకే ఎవరూ తీయరు.

13 నుంచి 18: మీ వీధి. అంగడి, చెట్టు, బస్టాండు. మనుషులను తీసే ముందు అడగాలి. చెంచుగూడేల వైపు వెళ్తే ఈ మాట ఇంకా ముఖ్యం. వాళ్ళు వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయాలి.

19 నుంచి 24: ఒకే చోటు, ఆరు వేళల్లో. వెలుతురు ఎలా మారుతుందో చూడటానికి.

25 నుంచి 30: పంద్రాగస్టు, శ్రావణ శుక్రవారం, వచ్చే వినాయక చవితి.

31 నుంచి 35: పిల్లల ఇష్టం. మీరు సలహా ఇవ్వకండి.

36: ఇది మీకు. అన్ని ఫోటోలూ తీసిన పిల్లల ఫోటో మీరు తీయండి.

వీలైతే ఒక గడిని సంగమేశ్వరం కోసం ఉంచండి. నది నిండుగా ఉన్న ఈ కాలంలో వేపకర్ర లింగం ఉన్న ఆ గుడి నీళ్ళ కింద ఉంటుంది. పెద్దవాళ్ళ తోడుతో ఒడ్డున సురక్షితమైన చోట నిలబడి, నీళ్ళనే తీయండి. ఎక్కడ నిలబడ్డారో నోట్‌బుక్‌లో రాయండి. వేసవిలో నీళ్ళు తగ్గి గుడి బయటపడ్డాక, అదే చోట నిలబడి, అప్పుడు కెమెరాలో ఉన్న రీలుతో ఇంకొకటి తీయండి. రెండు ప్రింట్లనూ పక్కపక్కన అతికిస్తే మీ పిల్లలకు తమ నది కథ తెలుస్తుంది. నల్లమల లోపలికి మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకండి.

మొదటి రీలులో 36కి పది బాగా వస్తే సంతోషించండి. మసకగా వచ్చినవి, ఒరిగిపోయినవి, వేలు అడ్డమొచ్చినవి ఉంటాయి. వాటిని చూసి పిల్లలను మందలించకండి. చింపి పారేయనివ్వకండి. తప్పు ఎక్కడ జరిగిందో నోట్‌బుక్ చూసి వాళ్ళనే కనుక్కోమనండి. తర్వాత ఆ ఫోటోలను కూడా కవర్లో పెట్టి దాచండి. ఏ ఫోటో ఎప్పుడు ఎవరికి అవసరమవుతుందో ఈ రోజు మనకు తెలియదు.

మీ ఇంట్లో పాత కెమెరా ఉండి, పనిచేస్తుందో లేదో తెలియకపోతే, శనివారం స్కూలు అయ్యాక తీసుకురండి. కలిసి చూద్దాం. మీ పిల్లల నోట్‌బుక్‌లోని 36 గడులు చూడటానికి నేను ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ ఇంగ్లిష్ టీచర్,
ఆత్మకూరు బ్రాంచ్